మన పోలీస్ స్టేషన్ లెక్కలు ఎలా అడగాలి?

ద్రాక్షారామం పోలీస్ స్టేషన్‌కి మంజూరైన పోస్టులెన్ని? వాటిలో ఇవాళ ఊళ్లో డ్యూటీ చేస్తున్నవారెంతమంది? జీపు ఏ ఏడాదిది, నెలకు దానికెంత డీజిలు పోస్తారు? లాకప్ గది ఎదుటి కెమెరా పనిచేస్తోందా? పోయిన ఏడాది సిబ్బంది మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని తేలాయి?

వీటికి ఇంటర్నెట్‌లో జవాబు వెతికితే రాష్ట్రం మొత్తం లెక్క వస్తుంది. అదృష్టం బాగుంటే జిల్లా లెక్క దొరుకుతుంది. స్టేషను దగ్గరికొచ్చేసరికి దారి ఆగిపోతుంది. అలాగని ఇవేవీ రహస్యాలు కావు. ప్రతిదానికీ ఏదో ఒక రిజిస్టరుంది, ఆ రిజిస్టరు రాసే మనిషున్నాడు. అచ్చయిన లెక్క పట్టుకుని పైనుంచి కిందికి దిగాలి, దారి ఆగిన చోట కాగితం పెట్టి అడగాలి. లాయరు అక్కర్లేదు, విలేకరి కార్డు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఫోనులో కాస్త డేటా, పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు. ఓపిక మాత్రం కొంచెం ఎక్కువే కావాలి.

మొదటి పని: ఎవరి కింద ఎవరో రాసుకోండి

నోటుబుక్కు మొదటి పేజీలో ఈ వరుస రాయండి. స్టేషన్‌కి ఎస్సై. ఆ పైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు. రామచంద్రపురంలో డీఎస్పీ. అమలాపురంలో జిల్లా ఎస్పీ. ఏలూరులో రేంజి డీఐజీ. మంగళగిరిలో డీజీపీ కార్యాలయం. ఇది 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక ఏర్పడ్డ వరుస. అంతకుముందు మన ఎస్పీ కార్యాలయం కాకినాడలో ఉండేది. జిల్లాల గీతలు మళ్లీ చెరిపి రాయడం మనకు కొత్తేం కాదు కాబట్టి, దరఖాస్తు రాసే రోజున మీ స్టేషను ఏ ఎస్పీ కిందుందో ఒకసారి చూసుకోండి.

ఈ వరుస ఎందుకంటే, స్టేషన్‌కి సొంత ఖజానా ఉండదు. జీతాల బిల్లు పెట్టేది, డీజిలు ఖర్చు చెల్లించేది, కొత్త బండి కేటాయించేది ఎస్పీ కార్యాలయం. అందుకే డబ్బు ప్రశ్నలు ఎస్సై గారిని అడిగితే ఆయన చేతులెత్తేస్తారు. అందులో తప్పేమీ లేదు, ఆయన దగ్గర ఆ లెక్క నిజంగానే ఉండదు. ఆయన దగ్గరుండేవి వేరు: బండి లాగ్ బుక్, జనరల్ డైరీ, డ్యూటీ రోస్టరు, స్టాకు రిజిస్టరు. ఏ ప్రశ్న ఎవరికో తెలిస్తే సగం పని అయినట్టే.

రెండో పని: బడ్జెట్ పుస్తకంలో 2055 వెతకండి

రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైటులో ఏటా బడ్జెట్ సంపుటాలు పెడతారు. వేల పేజీలు చూసి బెదరక్కర్లేదు. పోలీసులకు సంబంధించింది పదో డిమాండు, 'హోం పరిపాలన'. ఆ డిమాండులో రెండు పద్దుల సంఖ్యలు గుర్తుపెట్టుకుంటే చాలు. 2055 అంటే పోలీసు శాఖ రోజువారీ ఖర్చు. 4055 అంటే పోలీసు శాఖ మూలధన వ్యయం, అంటే భవనాలూ శాశ్వత ఆస్తులూ. దేశమంతటా ఇవే సంఖ్యలు. తెలంగాణ పుస్తకం తెరిచినా, తమిళనాడు పుస్తకం తెరిచినా 2055 అంటే పోలీసే.

2055 కింద మళ్లీ చిన్న పద్దులుంటాయి. 109 జిల్లా పోలీసు. 114 వైర్‌లెస్, కంప్యూటర్లు. 115 ఆధునికీకరణ. 116 ఫోరెన్సిక్ సైన్సు. 113 సిబ్బంది సంక్షేమం. మన స్టేషను నడిచేది ప్రధానంగా 109 మీద. ఆ పద్దు లోపలికి వెళ్తే జీతాలు, ప్రయాణ భత్యాలు, కార్యాలయ ఖర్చులు, పెట్రోలు-ఆయిలు, మోటారు వాహనాలు విడివిడిగా కనిపిస్తాయి. చూడగానే తెలిసే సంగతి ఒకటుంది. పెద్ద వాటా జీతాలకే పోతుంది, బండి కదలడానికి మిగిలేది చాలా తక్కువ.

ఇక్కడ ఇద్దరు ముగ్గురు పాత్రికేయ మిత్రులు కూడా కాలుజారే చోటొకటుంది. ప్రతి పద్దు ఎదుటా మూడు రకాల అంకెలుంటాయి. రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది 'లెక్కలు'. నడుస్తున్న ఏడాదికి సరిచేసిన అంకె 'సవరించిన అంచనా'. వచ్చే ఏడాదికి అనుకుంటున్నది 'బడ్జెట్ అంచనా'. మర్నాడు పేపరు మొదటి పేజీలో వచ్చేది మూడోది. మీరు నమ్మదగింది మొదటిది. 2025-26 బడ్జెట్ 3.22 లక్షల కోట్లన్నారు, అందులో హోంశాఖకు రూ. 8,570 కోట్లని వార్తలొచ్చాయి. అది ఆ ఏటి కేటాయింపు. అందులోంచి ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది అన్నది తర్వాతి సంవత్సరాల పుస్తకాల్లో వెతకాలి. పైగా హోం అంటే పోలీసులొక్కరే అనుకోకండి. జైళ్లు, అగ్నిమాపక శాఖ లాంటివి కూడా హోంశాఖ గొడుగు కిందే ఉంటాయి. 2055 విడిగా కూడుకోకుండా 'పోలీసులకు ఇన్ని వేల కోట్లు' అనేస్తే లెక్క తప్పినట్టే.

ఇంకొక్క పుస్తకం ఉంది. కాగ్ ఏటా శాసనసభకు ఇచ్చే వినియోగ లెక్కలు. ఏ డిమాండు కింద ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చు చేశారు, ఎంత మిగిలింది అన్నది అందులో పద్దువారీగా ఉంటుంది. డబ్బు ఎందుకు మిగిలిందో చెప్పాల్సిన చోట చాలాసార్లు 'కారణాలు తెలియజేయలేదు' అని ఒక వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యం కనబడ్డ చోటల్లా పెన్సిలుతో గీత గీయండి. మీ దరఖాస్తులో ఒక ప్రశ్న అక్కడే పుడుతుంది.

మూడో పని: వస్తువుల జాడ తీయడం

బండ్లు, కెమెరాలు, డ్రోన్లు, ట్యాబులు, వైర్‌లెస్ సెట్లు. వీటికి డబ్బు మూడు దారుల్లో వస్తుంది. రాష్ట్ర బడ్జెట్ ఒకటి, కేంద్ర పథకాలు రెండోది, దాతలు మూడోది.

కేంద్రం దారి తేలిక. పోలీసు దళాల ఆధునికీకరణ పథకం కింద మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు ఆధునికీకరణ మొత్తానికి కేంద్రం అనుమతించింది రూ. 26,275 కోట్లు. అందులో రాష్ట్రాల పోలీసు దళాలకు నేరుగా ఉద్దేశించింది రూ. 4,846 కోట్లే. మిగతాది ఇతర భద్రతా ఖర్చులు. ఏ రాష్ట్రానికి ఏ ఏడాది ఎంత విడుదలైందో తెలియాలంటే పార్లమెంటు వెబ్‌సైటులో ప్రశ్నోత్తరాలు వెతకండి. పోలీసు ఆధునికీకరణ మీద ఎవరో ఒక ఎంపీ ఏటా అడుగుతూనే ఉంటారు, హోం మంత్రిత్వ శాఖ రాష్ట్రాలవారీ పట్టిక జత చేస్తూనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ గడిలో ఏదైనా ఏడాది సున్నా కనిపిస్తే కంగారుపడకండి. పాత డబ్బుకు వినియోగ ధ్రువపత్రం (యూసీ) పంపకపోతే కొత్త వాయిదా రాదు. కాబట్టి మీరు అడగాల్సింది 'డబ్బెందుకు రాలేదు' అని కాదు, 'యూసీ ఏ తేదీన పంపారు' అని.

రాష్ట్రం కొన్నవాటికి ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండర్లు, ప్రభుత్వ ఈ-మార్కెట్ జెమ్‌లో కొనుగోళ్లు చూడొచ్చు. డబ్బు మంజూరు జీఓలు ఉంటాయి. జీఓల వెబ్‌సైటు మనకు 2021 ఆగస్టు నుంచి మూడేళ్లు మూతపడింది, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆ మధ్యకాలం జీఓ కావాలంటే వెతుకులాట ఎక్కువవుతుంది, దరఖాస్తులో అడిగేయడమే సులువు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2022 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి వెలగపూడిలో జెండా ఊపి 163 దిశ పెట్రోలింగ్ బొలేరోలు ప్రారంభించారు. ఫొటోలు అందరం చూశాం. ఆ బండ్లలో మన జిల్లాకు ఎన్నొచ్చాయి? సరిగ్గా మరుసటి నెలలోనే జిల్లా ముక్కలైంది కదా, ఏ ముక్కకు ఏవి దక్కాయి? ఇప్పుడు ఎన్ని రోడ్డు మీదున్నాయి, ఎన్ని షెడ్డులో ఉన్నాయి? ప్రారంభోత్సవం వార్త అవుతుంది. నాలుగేళ్ల తర్వాత ఆ బండి కిలోమీటర్ల లెక్క లాగ్ బుక్కులో మిగులుతుంది.

మూడో దారి దాతలది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కూడలిలో కెమెరాలు వ్యాపారులు పెట్టించారని, బారికేడ్లు ఫలానా కంపెనీ ఇచ్చిందని పేపర్లో వస్తుంటుంది. బారికేడ్ల మీద ఆ కంపెనీ పేరు పెద్దక్షరాల్లో మనమే చదువుకుంటూ పోతుంటాం. ఈ వస్తువులు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఉండవు. పాడైతే బాగుచేయించే పద్దు కూడా ఉండదు. దాపరికం లేకుండా చెప్పాల్సిన ఇబ్బంది ఇంకొకటుంది, ఇచ్చినవారి మీద రేపు కేసొస్తే ఏమిటి? మన భీమేశ్వరాలయం గోడలమీద తూర్పు చాళుక్యుల కాలం నుంచీ వందల శాసనాలున్నాయి. దీపానికి ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఆ దీపం వెలిగించే బాధ్యత ఎవరిది అని రాతిమీద చెక్కించారు. స్టేషన్‌కి వచ్చిన దానానికి కూడా ఆ మూడు వివరాలే కావాలి. అవి స్టాకు రిజిస్టరులో ఉండాలి, అడగండి.

బయటి దేశాల సంగతి ఒక్క మాట. కాలిఫోర్నియాలో 2021లో ఏబీ 481 అనే చట్టం చేశారు. పోలీసులు సైనిక తరహా సామగ్రి కొనాలన్నా వాడాలన్నా ముందు నగర పాలకమండలి బహిరంగంగా అనుమతించాలి. ఏటా దేన్ని ఎన్నిసార్లు వాడారో, ఎంత ఖర్చయిందో నివేదిక ప్రచురించాలి, ప్రజలతో సమావేశం పెట్టాలి. మన ఊళ్ల పిల్లలు ఎందరో కాపురముంటున్న ఫ్రీమాంట్ లాంటి ఊళ్లలో డ్రోన్ల సంఖ్య ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. హైదరాబాద్‌లో ముఖాలు గుర్తుపట్టే కెమెరాల సంగతి తేల్చమని ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. మనకు 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. బందోబస్తు పేరిట కొనుగోళ్లు తప్పవు, కొన్నవి పన్నెండు రోజుల తర్వాత ఎక్కడికి వెళ్తాయన్న ప్రశ్న ఇప్పట్నుంచే నోటుబుక్కులో రాసిపెట్టుకోవచ్చు.

నాలుగో పని: మనుషుల లెక్క

కేంద్రంలో బీపీఆర్ అండ్ డీ అని ఒక సంస్థ ఉంది, 1970 నుంచి. అది ఏటా 'పోలీసు సంస్థల గణాంకాలు' ప్రచురిస్తుంది. జనవరి 1 నాటికి ఏ రాష్ట్రంలో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి, ఎన్ని స్టేషన్లకు బండి లేదు, ఎన్నింటికి ఫోను లేదు అన్నీ అందులో ఉంటాయి. ఉచితంగా దించుకోవచ్చు.

మంజూరుకీ వాస్తవానికీ మధ్య ఖాళీ ఎలా పెరుగుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. కోర్టు కేసులు దాటుకుని తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. ఆ తర్వాత శిక్షణ. ఈలోగా పదవీ విరమణలు ఆగవు కదా.

స్టేషను స్థాయికొచ్చేసరికి ఇంకో మెలిక ఉంది, పోలీసు కుటుంబాలకు ఇది బాగా తెలుసు. కాగితం మీద పదిమంది కనిపిస్తారు. వారిలో ఒకరు ఎస్పీ కార్యాలయంలో అటాచ్‌మెంట్, ఒకరు కోర్టు డ్యూటీ, ఒకరు సమన్లు పట్టుకుని తిరుగుతుంటారు, ఇద్దరు ఎక్కడో బందోబస్తు. శివరాత్రికీ కార్తీక మాసానికీ ఊళ్లోకి పోలీసులు బయటి నుంచి వస్తారు, మిగతా రోజుల్లో మన వాళ్లు బయటికి పోతారు. అందుకని మూడు అంకెలు అడగాలి: మంజూరైనవారు, పోస్టింగులో ఉన్నవారు, అటాచ్‌మెంటుపైనో డెప్యుటేషన్‌పైనో వేరే చోట పనిచేస్తున్నవారు. మూడో అంకె అడగకపోతే మొదటి రెండూ మిమ్మల్ని మోసం చేస్తాయి.

రాష్ట్రాలకు మార్కులేసే నివేదికలూ ఉన్నాయి. ఇండియా జస్టిస్ రిపోర్టు 2025లో కర్ణాటక మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్ రెండు, తెలంగాణ మూడు. సంతోషమే. కాకపోతే అది పోలీసు, జైళ్లు, కోర్టులు, న్యాయసహాయం అన్నీ కలిపి ఇచ్చిన ర్యాంకు. మన స్టేషన్‌లో రాత్రి పది దాటాక మహిళా కానిస్టేబుల్ ఉన్నారో లేదో ఆ ర్యాంకు చెప్పదు.

నేరాల పట్టిక చదివేటప్పుడు జాగ్రత్త

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా 'క్రైమ్ ఇన్ ఇండియా' తెస్తుంది. 2023 సంవత్సరపు సంపుటం 2025 సెప్టెంబరులో వచ్చింది, ఆలస్యం మామూలే. అందులో జిల్లాలవారీ పట్టికలుంటాయి. కస్టడీ మరణాలు, పోలీసుల మీద కేసులు విడి అధ్యాయాల్లో రాష్ట్రాలవారీగా ఉంటాయి.

పాత పట్టికల్లో 'తూర్పు గోదావరి' అని ఒకటి, 'రాజమండ్రి' అని ఇంకొకటి వేర్వేరుగా కనిపిస్తాయి. అప్పట్లో రాజమండ్రి అర్బన్ విడి పోలీసు జిల్లా. 2022 తర్వాత తూర్పు గోదావరి అంటే రాజమండ్రి కేంద్రంగా ఉన్న చిన్న జిల్లా. పేరు అదే, నేల వేరు. 2021 అంకె పక్కన 2023 అంకె పెట్టి 'తూర్పు గోదావరిలో నేరాలు సగానికి తగ్గాయి' అంటే నవ్వుతారు. పోల్చాలంటే పాత ఉమ్మడి జిల్లా నుంచి ఏర్పడ్డ ముక్కలన్నీ కూడుకోండి, లేదా 2023 నుంచే మొదలుపెట్టండి.

ఇంకొక సంగతి. కేసులు పెరిగాయంటే నేరాలు పెరిగాయనే కాదు. ఫిర్యాదు తీసుకునే ఎస్సై వస్తే అంకె పెరుగుతుంది, తిప్పి పంపేవారుంటే తగ్గుతుంది.

ఐదో పని: జవాబుదారీ కాగితాలు

ఇక్కడ కొన్ని విషయాలు అడగకుండానే మనకు కనబడాలి. చట్టం అలా చెప్పింది.

లైంగిక నేరాల్లాంటి సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఆదేశించింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 37వ సెక్షను ప్రకారం, అరెస్టయినవారి పేర్లూ చిరునామాలూ వారిపై మోపిన నేరం స్వభావమూ ప్రతి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో బాగా కనిపించేలా ప్రదర్శించాలి. అందుకు ఏఎస్సైకి తగ్గని ఒక అధికారిని నియమించాలి. మీరు ఏదైనా పనిమీద స్టేషన్‌కి వెళ్లినప్పుడు గోడ చూడండి, బోర్డు ఉందో లేదో రాసుకోండి.

కెమెరాల సంగతి దీనికన్నా ముఖ్యం. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి స్టేషన్‌కీ వర్తిస్తుంది. గేటు, రాకపోకల దారులు, లాకప్ లోపలా బయటా, వరండా, రిసెప్షన్, ఎస్సై గది, అన్నిచోట్లా కెమెరా ఉండాలి. రికార్డు 18 నెలలు నిలవుండాలి, ఆ సదుపాయం దొరక్కపోతే ఏడాదికి తగ్గకూడదు. కెమెరాల బాగోగులకు స్టేషన్ హౌస్ ఆఫీసరే బాధ్యుడు. పైనుంచి చూడటానికి జిల్లాకొక పర్యవేక్షణ కమిటీ ఉండాలి. అందులో కలెక్టరు, ఎస్పీలతో పాటు గ్రామీణ ప్రాంతాల్లో జిల్లా పరిషత్ అధ్యక్షులు కూడా సభ్యులు. ప్రజలు ఎన్నుకున్న మనిషికి పోలీసు లాకప్ కెమెరా మీద మాట చెప్పే చోటు ఇదొక్కటే అనుకుంటాను. మరి ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది? మినిట్స్ ఏవి? 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టే పత్రికా వార్త చూసి ఈ విషయం మళ్లీ తనంతట తాను చేపట్టిందంటే, తీర్పు వచ్చిన ఐదేళ్లకు పరిస్థితి ఎలా ఉందో అర్థం చేసుకోవచ్చు.

మూడోది ఫిర్యాదుల అథారిటీ. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. అందులో ఒకటి, పోలీసుల మీద వచ్చే తీవ్రమైన ఫిర్యాదులు విచారించడానికి రాష్ట్రంలోనూ జిల్లాల్లోనూ స్వతంత్ర అథారిటీలు పెట్టాలని. డీఎస్పీ హోదా దాకా జిల్లా అథారిటీ, ఎస్పీ, అంతకుపైనవారికి రాష్ట్ర అథారిటీ. మన రాష్ట్రంలో 2021 జూన్‌లో రాష్ట్ర అథారిటీకి ఛైర్మన్‌ని నియమించారు. నిబంధనల్లో వయసు పరిమితి 65, ఆయన అది ఎప్పుడో దాటేశారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ నియామకాన్ని నిలిపేసింది. పదిహేనేళ్లు ఎదురుచూసిన కుర్చీ మూడు నెలల్లో ఖాళీ అయింది. మీ దరఖాస్తులో ఈ ప్రశ్న తప్పక పెట్టండి: మన జిల్లా అథారిటీలో ఈ రోజుకు ఎవరున్నారు, ఎన్ని ఫిర్యాదులు తీసుకున్నారు?

పెద్ద ఘటనలైతే విచారణ కమిషన్ నివేదికలు చదవండి. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. జస్టిస్ సి.వై. సోమయాజులు కమిషన్ నివేదిక 2018లో శాసనసభ ముందుకొచ్చింది. సభలో పెట్టిన కాగితం ప్రజల కాగితమే, అడిగి తీసుకోవచ్చు.

ఆరో పని: సమాచార హక్కు (స.హ.) దరఖాస్తు రాయడం

ఇప్పటిదాకా చేసింది తయారీ. అసలు పని ఇక్కడుంది.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకొచ్చింది. తెలుగులో రాయొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు, 6(2) సెక్షను అదే అంటుంది. 'ఎందుకండి బాబూ ఇయ్యన్నీ మీకు?' అని స్టేషన్ రైటరు గారు అడిగితే నవ్వి ఊరుకోవచ్చు. మన రాష్ట్రంలో ఫీజు గ్రామస్థాయి కార్యాలయానికి లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం జతచేస్తే అదీ అక్కర్లేదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు.

ఒక్క సూత్రం పట్టుకోండి. ఈ చట్టం కింద వచ్చేది రికార్డు. అభిప్రాయాలూ సంజాయిషీలూ రావు. 'కెమెరా ఎందుకు పనిచేయడం లేదు' అంటే 'మీరడిగింది సమాచారం నిర్వచనంలోకి రాదు' అని ఒక్క ముక్కలో తిప్పికొడతారు, ఆ మాట చట్టప్రకారం సరైనదే కూడా. 'కెమెరా మరమ్మతుకు రాసిన లేఖల నకళ్లు ఇవ్వండి' అంటే ఇవ్వక తప్పదు. లేఖే రాయకపోతే 'అలాంటి లేఖలు లేవు' అని సంతకం పెట్టి ఇవ్వాలి. ఒక్కోసారి ఆ జవాబు లేఖకన్నా విలువైనది.

రెండో సూత్రం, పేర్లు అడగొద్దు, సంఖ్యలు అడగండి. ఫలానా కానిస్టేబుల్ మీద తీసుకున్న క్రమశిక్షణ చర్య వ్యక్తిగత సమాచారమని సుప్రీంకోర్టు 2012లోనే గిరీశ్ దేశ్‌పాండే కేసులో చెప్పింది. డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చాక, 2025 నవంబరు నుంచి వ్యక్తిగత సమాచారానికున్న 8(1)(జె) మినహాయింపు ఇంకా వెడల్పయింది. నాకిది మంచి మార్పుగా తోచలేదు గానీ ఉన్నది ఉన్నట్టు చూసుకుని అడగాలి. ఆయుధాల సంఖ్య, నిఘా విభాగం వివరాల జోలికి వెళ్లకండి. ఆ ఒక్క ప్రశ్న చూపించి మొత్తం దరఖాస్తు పక్కన పడేస్తారు.

నమూనా ఇది. కావలసినట్టు మార్చుకోండి.

గౌరవనీయులైన పౌర సమాచార అధికారి గారికి,
జిల్లా పోలీసు కార్యాలయం, అమలాపురం.

సమాచార హక్కు చట్టం, 2005 సెక్షను 6(1) కింద దరఖాస్తు.

ద్రాక్షారామం పోలీస్ స్టేషన్‌కి సంబంధించి 2023-24, 2024-25, 2025-26 ఆర్థిక సంవత్సరాలకు కింది సమాచారం, ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు.

1. ప్రతి ఏటా మార్చి 31 నాటికి హోదాల వారీగా మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, అటాచ్‌మెంటు లేదా డెప్యుటేషన్‌పై ఇతర చోట్ల ఉన్నవారి సంఖ్య. మహిళల సంఖ్య విడిగా.

2. స్టేషన్‌కి కేటాయించిన వాహనాలు, తయారైన సంవత్సరం, ప్రతి వాహనానికి ఏడాదివారీగా అయిన ఇంధనం, మరమ్మతు ఖర్చు. 2026 జనవరి నెల లాగ్ బుక్ నకలు.

3. సీసీ కెమెరాలు ఎన్ని, ఎక్కడెక్కడ, పనిచేస్తున్నవి ఎన్ని, రికార్డు ఎన్ని రోజులు నిలవుంటుంది. జిల్లా పర్యవేక్షణ కమిటీ సమావేశాల తేదీలు, మినిట్స్ నకళ్లు.

4. ప్రైవేటు వ్యక్తులు లేదా సంస్థలు విరాళంగా ఇచ్చిన సామగ్రి వివరాలున్న స్టాకు రిజిస్టరు పేజీల నకళ్లు.

5. స్టేషను సిబ్బందిపై వచ్చిన ఫిర్యాదుల సంఖ్య, విచారణ పూర్తయినవి, చర్య తీసుకున్నవి, పెండింగులో ఉన్నవి. పేర్లు అవసరం లేదు.

పై వాటిలో ఏదైనా భాగం ఇవ్వరానిదైతే సెక్షను 10 ప్రకారం ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వగలరు. మీ పరిధిలో లేనిదాన్ని సెక్షను 6(3) ప్రకారం అయిదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి పంపగలరు.

కింద పేరు, చిరునామా, తేదీ, సంతకం, పోస్టల్ ఆర్డరు నంబరు. కవరు మీద 'జిల్లా పోలీసు కార్యాలయం' అని పూర్తిగా రాయండి. డీపీఓ అని రాస్తే జిల్లా పంచాయతీ అధికారి గారి బల్ల మీదికి చేరినా చేరుతుంది. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి. పంపే ముందు ఫోనుతో ఫొటో తీసుకోవడం మరవొద్దు.

జవాబు బదులు 'రికార్డు పెద్దది, వచ్చి చూసుకోండి' అంటే సంతోషంగా వెళ్లండి. తనిఖీకి మొదటి గంట ఉచితం. నకలు కన్నా రిజిస్టరును కళ్లతో చూడటం మేలు, కొట్టివేతలూ దిద్దుబాట్లూ జిరాక్సులో సరిగా కనబడవు. ఒక్కరే కాకుండా తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి. సంభాషణ మర్యాదగా ఉండాలి. కాగితాలు తీసిచ్చే కానిస్టేబుల్ మీద విసుక్కోవడం దండగ. చాలాసార్లు తన స్టేషన్‌కి బండి లేదని, ముగ్గురి పని ఒక్కడే చేస్తున్నాడని లోకానికి తెలియాలని అతనికీ ఉంటుంది.

జవాబు రాకపోతే

ముప్పై రోజులు ఆగండి. రాకపోయినా, అరకొరగా వచ్చినా, మరో ముప్పై రోజుల్లోగా అదే కార్యాలయంలోని అప్పిలేట్ అధికారికి సెక్షను 19(1) కింద మొదటి అప్పీలు. ఫీజు లేదు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి 7(6) ప్రకారం నకళ్ల రుసుం కూడా వసూలు చేయకూడదు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 దాకా అధికారికి జరిమానా వేయగలదు. వేస్తుందని ఆశపెట్టుకోకండి, వాయిదాకి చాలాకాలం పడుతుంది. నా అనుభవంలో పని జరిగేది ఎక్కువగా మొదటి అప్పీలు దగ్గరే. ఇతను వదిలే రకం కాదని అక్కడ అర్థమవుతుంది.

'దర్యాప్తులో ఉంది' అంటూ 8(1)(హెచ్) చూపించి నిరాకరించడం బాగా వాడుకలో ఉన్న జవాబు. దర్యాప్తు ఉన్నంత మాత్రాన చాలదు, సమాచారమిస్తే దానికి ఎలా అడ్డమవుతుందో చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్‌సింగ్ కేసులో చెప్పింది. డీజిలు ఖర్చు చెబితే ఏ దర్యాప్తు ఆగుతుందో వివరించమని అప్పీలులో ఒక్క వాక్యం రాయండి.

జవాబు వచ్చాక

కవరు చింపగానే ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ముందు నోటుబుక్కులో బడ్జెట్ పుస్తకం అంకె పక్కన జిల్లా అంకె, దాని పక్కన స్టేషను అంకె రాయండి. లాగ్ బుక్కు కిలోమీటర్లని డీజిలు లీటర్లతో భాగించి చూడండి, లీటరుకు మూడు కిలోమీటర్లో ముప్ఫై కిలోమీటర్లో వస్తే ఎక్కడో రాత తేడా ఉంది. తేడా కనబడగానే దొంగతనం అనుకోవద్దు. రాత్రంతా ఇంజను ఆపకుండా నిలబెట్టిన బండికి కూడా మైలేజీ తగ్గుతుంది. ఎస్పీ గారికి లేఖ రాసి వివరణ అడగండి, ఇది స.హ. దరఖాస్తు కాదు కనుక ఇక్కడ 'ఎందుకు' అనొచ్చు.

సిబ్బంది కొరత బయటపడితే ఆ కాగితం ఎమ్మెల్యే గారికివ్వండి, శాసనసభలో ప్రశ్న వేయడానికి వారికి ఇలాంటి పక్కా అంకెలే కావాలి. కెమెరా కమిటీ సంగతైతే జిల్లా పరిషత్ అధ్యక్షులకు. ఫిర్యాదుల లెక్కలో ఒకరి గాయమో మరణమో ఉంటే జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి. కస్టడీ మరణాన్ని 24 గంటల్లో ఆ కమిషన్‌కి తెలపాలన్న నిబంధన 1993 నుంచీ ఉంది, తెలిపారా లేదా అన్నది కూడా ఒక రికార్డే.

వచ్చే ఏడాది మార్చి 31 దాటాక అవే ప్రశ్నలు, అదే వరుసలో, అవే మాటలతో మళ్లీ పంపండి. ప్రశ్న మారిస్తే పట్టిక మారిపోతుంది, పోల్చడానికి వీలుండదు. కొత్త ఎస్సై వచ్చినా, కొత్త ఎస్పీ వచ్చినా, జిల్లా పేరే మారినా ప్రశ్న మాత్రం మార్చకండి.